అయిదు మార్కుల తేడా

మగపిల్లల్ని కన్న తల్లులకు దేవుడు మూడో చెవి ఒకటి పెడతాడు. మీరూ గమనించే ఉంటారు. వంటింట్లో కుక్కరు కూస్తూ ఉంటుంది, హాల్లో టీవీ మోగుతూ ఉంటుంది, వీధిలో నూరు బళ్ళు పోతూ ఉంటాయి. అయినా సందు మలుపులో మనవాడి బండి గేరు మారిన చప్పుడు ఆ చెవికి ఇట్టే దొరుకుతుంది. "అమ్మయ్య" అనుకుని అప్పుడు గానీ కంచం పెట్టం. పది దాటినా ఆ చప్పుడు వినపడకపోతే "ఫోను చెయ్యరాదూ" అంటారు మావారు, పేపరులోంచి తల ఎత్తకుండా. చేస్తే బండి తోలుతూ ఎత్తుతాడేమోనని భయం. చెయ్యకపోతే ఎత్తలేని స్థితిలో ఉన్నాడేమోనని భయం. ఆడపిల్లల తల్లులకు ఈ బాధ లేదనను. వాళ్ళ పిల్లలూ ఇప్పుడు స్కూటీల మీదే కాలేజీలకు పోతున్నారు. కాకపోతే ఆడపిల్ల బండి ఎక్కితే ఎక్కడికో చేరడానికి ఎక్కుతుంది. మగపిల్లవాడు ఎక్కడికీ పోయే పని లేకపోయినా ఎక్కుతాడు. తేడా అల్లా అదే.

ఇంత పిరికిదాన్ని, ఒక ఏడాది పొడుగునా మోటారు సైకిలు పందేలు ఒక్కటీ వదలకుండా చూశానంటే మా పిన్ని కూతుళ్ళు ఇప్పటికీ నమ్మరు. 2006 నాటి మాట. అప్పుడు మేము విజయవాడలో ఉండేవాళ్ళం. మా చిన్నాడు ఇంటరు మొదటి ఏడు ముగించి రెండో ఏడులోకి వస్తున్నాడు. ఇంటరు పిల్లవాడున్న ఇల్లు, అందులోనూ విజయవాడలో, ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? లేస్తే మార్కులు, పడుకుంటే ర్యాంకులు. ఆదివారం కూడా పొద్దుటిపూట టెస్టు. అలాంటి రోజుల్లో మావారు నాతో ఒక్క మాటైనా అనకుండా, "ఎంసెట్లో మంచి ర్యాంకు తెచ్చుకో, మోటారు సైకిలు కొనిపెడతా" అని వాడికి మాట ఇచ్చేశారు. "అదేమిటండీ!" అని నిలదీస్తే, గొంతు తగ్గించి, "వస్తుందంటావా?" అన్నారు. కన్నకొడుకు మీద అంత నమ్మకం!

వాడి గది గోడ మీద పసుప్పచ్చటి 46 అంకె బొమ్మ ఒకటి అంతకు ముందే వెలిసింది. ఆదివారం సాయంత్రాలు టీవీలో ఈ పందేలు వచ్చేవి. ఐరోపాలో మధ్యాహ్నం రెండు గంటలంటే మనకు అయిదున్నర. శత్రువు బలమెంతో చూసుకుంటే బండి వద్దనడానికి నాలుగు కారణాలు దొరుకుతాయి గదా అని, చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని నేనూ వాడి పక్కన చేరాను. మా అత్తగారు జపమాలతో వాలుకుర్చీలో ఎలాగూ అక్కడే ఉండేవారు.

నిజం చెప్పొద్దూ, మొదటి పది నిమిషాలూ నేను చిక్కుడుకాయల్లోకే చూశాను. తల ఎత్తితే ఒళ్ళు జలదరించేది. బండిని నేల మీద పడుకోబెట్టినంత పని చేసి, మోకాలు రోడ్డుకు రాస్తూ మలుపు తిరుగుతారు. మోకాలికి అందుకోసమే ఒక ప్లాస్టిక్కు బిళ్ళ ఉంటుంది. "ఎందుకురా ఆ పడుకోవడం?" అంటే, "అది వాళ్ళకి కొలబద్దమ్మా. మోకాలు తగిలిందంటే బండి ఎంత వంగిందో లెక్క తెలుస్తుంది" అన్నాడు. ఆ క్షణాన రెండు చక్రాలూ కలిసి నేలను పట్టుకుని ఉండే రబ్బరు మన రెండు అరచేతులంత కూడా ఉండదు. ఆ ఏడు ఇంజన్లు 990 సీసీవి. మావారి స్కూటరు 150. తిన్నటి దారి దొరికితే గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటిపోయేవి. పడినవాడు తోలు సూటుతో కంకరలో దొర్లుకుంటూ పోయి, లేచి, దుమ్మయినా దులుపుకోకుండా బండి దగ్గరికి పరిగెత్తేవాడు. మా అత్తగారు జపం ఆపి, "ఏ తల్లి కన్న బిడ్డో" అనేవారు. పడినవాడు ఏ దేశంవాడైనా ఆవిడది అదే మాట.

ఈ పందేలను మోటోజీపీ అంటారు. మోటారు సైకిలు రోడ్డు పందేలకు ఇంతకు మించిన మెట్టు లేదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్పు అనేది 1949లోనే మొదలైంది. 2006లో మొత్తం పదిహేడు పందేలు. మార్చి 26న స్పెయినులో జెరెజ్ అనే ఊళ్ళో మొదలై, ఖతారు, టర్కీ, చైనా, ఫ్రాన్సు, ఇటలీ, హాలండు, ఇంగ్లండు, జర్మనీ, అమెరికా, మలేషియా, ఆస్ట్రేలియా, జపాను, ఇలా లోకమంతా తిరిగి, అక్టోబరు 29న మళ్ళీ స్పెయినులోనే వాలెన్సియాలో ముగిశాయి. ఒక్కొక్కటీ ముప్పావుగంట వ్యవహారం. క్రికెట్టులా రోజంతా ఇల్లు పట్టుకుని వేలాడదు. అది మాత్రం నాకు నచ్చింది.

నన్ను పట్టేసింది వేగం కాదు, కూడిక. గెలిచినవాడికి 25, రెండోవాడికి 20, మూడోవాడికి 16, నాలుగుకు 13, అయిదుకు 11, ఆరుకు 10, అక్కణ్ణించి ఒక్కొక్కటే దిగుతూ పదిహేనోవాడికి 1. పదహారోవాడికీ పడిపోయినవాడికీ గుండుసున్నా. పాయింట్లని వాళ్ళంటారు. మా ఇంట్లో అప్పుడు అన్నీ మార్కులే కనుక నేనూ మార్కులే అనేదాన్ని. పదిహేడు పందేలవీ కూడితే ఎవరికి ఎక్కువొస్తే వాడే ఆ ఏటి విజేత. పాలు, కూరలు, చాకలి, చీటీపాట అంటూ ఇరవయ్యేళ్ళుగా పద్దులు రాస్తున్నదాన్ని, ఇది నాకు తెలియని విద్య కాదు. పద్దుల పుస్తకం వెనకవైపు నుంచి తిప్పి రెండు వరసలు గీసుకున్నాను. ఒకటి మావాడి దేవుడికి, రెండోది నా కుర్రాడికి.

మావాడి దేవుడు వాలెంటీనో రాసీ. ఇటలీవాడు. 46 అంకె అతనిదే. 2001 నుంచి 2005 దాకా వరసగా అయిదేళ్ళు పెద్ద తరగతిలో అతనే ప్రపంచ విజేత. అందులోనూ మొదట హోండా మీద గెలిచి, 2004లో యమహాకు మారి, ఆ బండి మీదా గెలిచి చూపించినవాడు. బండి గొప్పా మనిషి గొప్పా అని మావాడి కాలేజీలో ఆ రోజుల్లో డిబేట్లు నడిచేవి. మా అత్తగారు కూడా రాసీ పక్షమే. కారణమల్లా ఆ పసుపు రంగు. "పచ్చగా లక్షణంగా ఉన్నాడు, వీడే గెలుస్తాడు" అని మొదటి వారమే తేల్చేశారు.

నా కుర్రాడు నికీ హేడెన్. అమెరికాలో కెంటకీ రాష్ట్రం, ఓవెన్స్‌బరో అనే చిన్న ఊరు. ఇరవై నాలుగేళ్ళవాడు. అంకె 69. నేనతన్ని ఎంచుకోవడానికి కారణం ఆ అంకె కథే. వాళ్ళ నాన్న ఎర్ల్ కూడా మట్టి ట్రాకుల మీద పందేలాడినవాడు. 69 ఆయన నంబరు. ఎందుకా నంబరని అడిగితే, "నేను పడిపోయి తలకిందులైనా చదువుకోవచ్చు" అనేవాడట. కాగితం మీద రాసి తిప్పి చూడండి! వాళ్ళమ్మ రోజ్ కూడా తన రోజుల్లో పందేల్లో బండి నడిపిన మనిషే. అయిదుగురు పిల్లలు. మగపిల్లలు ముగ్గురూ ఇదే వృత్తి. 2002లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగిన ఒక మట్టి పందెంలో మొదటి, రెండు, మూడు స్థానాలు అన్నదమ్ములు ముగ్గురికే వచ్చాయి. నికీ మొదట, పెద్దవాడు టామీ తర్వాత, చిన్నవాడు రోజర్ మూడు. పేపర్లవాళ్ళు తండ్రి భుజం తట్టి ఉంటారు. నేను మాత్రం ఆ తల్లి ఆ పందెం నడుస్తున్నంతసేపూ ఎవరివైపు చూసి ఉంటుందా అనుకున్నాను. ఒక బండికే మనకు ఒక చెవి చాలదు.

అన్నట్టు రాసీ 46 కూడా వాళ్ళ నాన్నదే. గ్రాజియానో రాసీ 1979లో మూడు గ్రాండ్ ప్రీలు గెలిచాడు. వాలెంటీనో పుట్టింది కూడా ఆ ఏడే. నాన్నల చొక్కాలు వేసుకుని తిరిగే పిల్లల్లా ఇద్దరూ నాన్నల అంకెలు తగిలించుకుని దేశాలమీద పడ్డారు.

మొదటి పందెంలోనే పెద్ద గొడవ జరిగింది. జెరెజ్‌లో మొదటి మలుపు దగ్గర టోనీ ఎలియాస్ అనే స్పెయిను కుర్రాడు వెనకనుంచి వచ్చి రాసీని గుద్దేశాడు. రాసీ కింద పడ్డాడు. అయిపోయిందనుకుని నేను చిక్కుడుకాయలు సర్దుకుంటుంటే, అతను బండి లేపుకుని అందరికన్నా వెనకనుంచి బయల్దేరి పద్నాలుగో స్థానంలో వచ్చాడు. రెండు మార్కులు. "రెండే గదరా, దాని కోసం అంత తాపత్రయం ఎందుకు?" అన్నాను. మావాడు నావైపు జాలిగా చూశాడు. "నెగటివ్ మార్కులున్న పరీక్షలో రెండు మార్కులంటే ఎంతో నీకు తెలీదమ్మా." ఈ ఎలియాస్‌ను గుర్తు పెట్టుకోండి. మళ్ళీ వస్తాడు.

తర్వాతి పందేల్లో రాసీ గెలిచిన చోట బ్రహ్మాండంగా గెలిచాడు, పోయిన చోట పూర్తిగా పోయాడు. చైనాలో టైరు, ఫ్రాన్సులో ముందు పోతూ ఉండగా ఇంజను. రెండు సున్నాలు. ఇక నా కుర్రాడు? మూడు, రెండు, మూడు, రెండు, అయిదు, మూడు, రెండు. మొదటి ఏడు పందేల్లో అతని స్థానాలివి. ఒక్క గెలుపు లేదు. అయినా నా పుస్తకంలో అతని వరస 119, రాసీది 90. పట్టికలో అందరికన్నా పైన అతనే. ఆదివారం ఆదివారం బుద్ధిగా వెళ్ళి, ఏదో ఇంత సంపాదించుకుని, బండికి గీత పడకుండా ఇంటికి తెచ్చే మనిషి. మావాడికి అది గిట్టేది కాదు. "గెలవకుండా ఛాంపియన్ ఏమిటమ్మా, క్లర్కులాగా!" అనేవాడు. వాళ్ళ నాన్న బ్యాంకు క్లర్కుగానే చేరి ఇల్లు కట్టారని గుర్తు చేశాను.

ఎనిమిదోది హాలండులో ఆస్సెన్. అక్కడ మాత్రం పందెం శనివారం పెట్టేవారు, అది వాళ్ళ ఆచారం. ప్రాక్టీసులో పడి చెయ్యి విరిగిన రాసీ ఆ చేత్తోనే నడిపి ఎనిమిదో స్థానం తెచ్చుకున్నాడు. ఎనిమిది మార్కులు. ముందు నా హేడెన్, కోలిన్ ఎడ్వర్డ్స్ అనే మరో అమెరికావాడు. చివరి చుట్టు, చివరి మలుపు. ఎడ్వర్డ్స్ ముందున్నాడు. గీత కనిపిస్తోంది. అక్కడ దారి తప్పి పక్కకు పోయి పడిపోయాడు! హేడెన్ గెలిచాడు. నేను చప్పట్లు కొట్టి, ఆ వెంటనే సిగ్గుపడ్డాను. ఆ ఎడ్వర్డ్స్ 2014లో విరమించే దాకా ఆ తరగతిలో ఒక్క పందెమైనా గెలవలేదు. కొందరికి అంతే. పెళ్ళిపీటల దాకా వచ్చి తప్పిపోయిన సంబంధం లాంటిది. ఊరంతా మర్చిపోయినా వాళ్ళింట్లో మర్చిపోరు.

జులైలో అమెరికా పందెం మనకు అర్ధరాత్రి దాటాక వచ్చింది. మావారు "తల్లీకొడుకులకు మతి పోయింది" అని దుప్పటి ముసుగు పెట్టారు. హేడెన్ సొంత గడ్డ మీద గెలిచాడు. రాసీ బండికి మళ్ళీ ఇంజను రోగం. మూడో సున్నా. 194కు 143. యాభై ఒక్క మార్కుల ఎడం. మావాడు మాట్లాడకుండా వెళ్ళి భౌతికశాస్త్రం పుస్తకం తెరిచాడు. ఆ ఏడాది వాడు చెప్పకుండా చదివిన రాత్రి అదొక్కటే.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మే నెలలో ఎప్పుడో మా అత్తగారు అడిగారు, "ఈ ఆటలో ఎవరైనా చచ్చిపోతారట్రా?" అని. వాడు తటపటాయించి చెప్పాడు. 2003 ఏప్రిల్లో జపానులోని సుజుకాలో దైజిరో కాతో అనే కుర్రాడు గోడకు గుద్దుకుని, రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి పోయాడట. ఆ తర్వాత ఆ ట్రాకు మీద మోటోజీపీ పెట్టలేదు. అత్తగారు ఇంకేం అడగలేదు. కానీ ఆనాటినుంచి పందెం మొదలయ్యే ముందు జపమాల కళ్ళకద్దుకుని, పసుపువాడికీ, నా కుర్రాడికీ, మిగతావాళ్ళందరికీ కలిపి ఒక్క దణ్ణం పెట్టేవారు. ఆ దణ్ణమయ్యే దాకా మావాడు ఛానలు సౌండు పెంచేవాడు కాదు.

ఆగస్టు నుంచి రాసీ విజృంభించాడు. నా పుస్తకంలో ఎడం ఎలా కరిగిందో చూడండి. 51, 38, 26, 21, 12. నెల మొదట్లో బీరువాలో పెట్టిన డబ్బు ఇరవయ్యో తారీకుకు ఎలా ఉంటుందో అలా. హేడెన్ గెలవడం లేదు, తొమ్మిది, నాలుగు, అయిదు, అయిదు, అలా వస్తున్నాడు. అతని మీద హోండావాళ్ళు కొత్త బండి ప్రయోగాలు చేస్తున్నారనీ, క్లచ్చి సతాయిస్తోందనీ మావాడే నన్ను ఓదార్చేవాడు. వైరిపక్షంవాడు ఓదారిస్తే మరింత మంట.

టైర్ల విషయంలో ఒక చిత్రం చెప్పి ముందుకు పోతాను. శనివారం ప్రాక్టీసు చూసి, ఆ ట్రాకుకు తగ్గట్టు మిషెలిన్ కంపెనీవాళ్ళు ఫ్రాన్సులో రాత్రికి రాత్రే టైర్లు తయారుచేసి ఆదివారం పొద్దుటికల్లా ఐరోపా పందేలకు చేరవేసేవారట. రాత్రి పిండి రుబ్బి పొద్దున ఇడ్లీ వేసినట్టు! ఆ మరుసటి ఏడు రూలు మార్చి ఆ భాగోతం ఆపించారు.

పదహారో పందెం అక్టోబరు 15న, పోర్చుగల్లో ఎస్టోరిల్‌లో. ఆ రోజు ఏం జరిగిందో చెప్పాలంటే ముందు డాని పెద్రోసా గురించి చెప్పాలి. హేడెన్ టీములోనే రెండోవాడు. ఇరవయ్యొక్కేళ్ళు, బక్కపలచటి పిల్లవాడు, మహా వేగం. ఈ ఆటలో ఒకే కంపెనీకి నడిపే ఇద్దరూ తోడికోడళ్ళలాంటివాళ్ళు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, పైకి చిరునవ్వు. కానీ అత్తగారి మెప్పు దగ్గరికొచ్చేసరికి ముందు కొలుచుకునేది ఒకరితో ఒకరే. పొరుగింటివాళ్ళతో కాదు.

అయిదో చుట్టులో పెద్రోసా ఒక మలుపు దగ్గర లోపలివైపు నుంచి దూరబోయి జారాడు. జారినవాడు ఊరికే పోలేదు. హేడెన్‌ను కూడా తనతో ఈడ్చుకుపోయాడు. ఇద్దరూ కంకరలో. పదహారు పందేల్లో నా కుర్రాడికి మొదటి సున్నా అది, అదీ సొంతింటివాడి చేతిలో. మోకాళ్ళ మీద కూర్చుని చేతులు విసిరి అరుస్తున్నాడు. హెల్మెట్టు లోపల ఏడుస్తున్నాడని చూస్తేనే తెలుస్తోంది. మా అత్తగారు జపమాల ఒళ్ళో పెట్టేశారు. పసుపు పక్షంలో ఉండి కూడా, "ఎంత పని జరిగింది, ఇక ఆ ఇద్దరూ ఒక ఇంట్లో ఎట్లా మసలుతారే" అన్నారు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ముఖం తెలియని కెంటకీ కుర్రాడికీ నాకూ ఏం బంధుత్వమని? కానీ ఏడాది పొడుగునా ఒక్కొక్క మార్కే పోగేసినవాణ్ణి చూశాను గదా.

ఆగండి, ఆ పందెం ఇంకా అవలేదు. ముందు పోతున్న రాసీ గెలిస్తే 25. చివరి మలుపు దాటి తిన్నటి దారిలోకి వచ్చేసరికి పక్కనే ఇంకో బండి. టోనీ ఎలియాస్. జెరెజ్‌లో గుద్దినవాడే. ఇద్దరూ కలిసి గీత దాటారు. తేడా క్షణంలో వెయ్యో వంతులు రెండు. రెప్పపాటులో యాభయ్యో వంతు కూడా కాదు. నేల మీద కొలిస్తే జానెడుండదు. ఎలియాస్ గెలిచాడు. మోటోజీపీలో అతను గెలిచిన పందెం జీవితం మొత్తానికి అదొక్కటే. రాసీకి 20. అయిదు మార్కులు తగ్గాయి. అయినా రాసీయే పైకి పోయాడు, 244కు 236. మావాడు గంతులు వేస్తున్నాడు గనక ఆ అయిదు మార్కుల సంగతి ఆ రోజు ఎవరికీ పట్టలేదు. నేను మటుకు రాసుకున్నాను.

అక్టోబరు 29. వాలెన్సియా. ఆ రోజు ఐరోపాలో గడియారాలు వెనక్కి తిప్పారు కనుక మనకు ఆరున్నర అయింది. రాసీ అందరికన్నా ముందు వరసలో, మొదటి స్థానంలో నించున్నాడు. రెండో స్థానం వస్తే చాలు, హేడెన్ గెలిచినా సరే, కిరీటం అతనిదే. దీపం పెట్టి వచ్చి కూర్చున్నాను. దీపం ముందు ఎవరి గురించి కోరుకున్నానో దేవుడికీ నాకూ తెలుసు. పక్కన కన్నకొడుకు గోళ్ళు కొరుకుతున్నాడు.

రాసీకి బయల్దేరడమే సరిగ్గా కుదరలేదు, వెనకపడ్డాడు. హేడెన్ ముందుకు పోతున్నాడు, దారిలో పెద్రోసాను దాటుకుని. ఈసారి ఆ పిల్లవాడు ఒద్దికగా దారి ఇచ్చాడు. అయిదో చుట్టు. రాసీ బండి ముందుచక్రం జారింది. చాలా నెమ్మదిగా, ఎవరో కూర్చోబెట్టినట్టుగా నేలకు దిగింది. మా ఇంట్లో నిశ్శబ్దం. టీవీలో వ్యాఖ్యాత ఒక్కడే అరుస్తున్నాడు. రాసీ లేచాడు, బండి లేపాడు, మళ్ళీ నడిపాడు. పదమూడో స్థానం, మూడు మార్కులు. హేడెన్ మూడో స్థానం, ఎప్పటిలాగే. పదహారు మార్కులు. ఆ పందెం గెలిచినవాడు ట్రాయ్ బేలిస్ అని, దెబ్బ తగిలిన వేరేవాడి బదులు ఆ ఒక్క రోజుకు వచ్చిన ఆస్ట్రేలియా పెద్దమనిషి. ఆయన్ని ఎవరు చూశారు!

252, 247. హేడెన్ అమెరికా జెండా పట్టుకుని, వెక్కివెక్కి ఏడుస్తూ చుట్టు తిరిగాడు. రాసీ వచ్చి అభినందించాడు. అయిదేళ్ళ కిరీటం పోగొట్టుకున్న పూట అంత హుందాగా చెయ్యి అందించడం తేలికేం కాదు. ఆ సంగతి ఈ ఇంటి పసుపు పక్షంవాడికి చెప్పబోతే, వాడు బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాడు. అరగంట సేపు నీళ్ళ చప్పుడు.

రాత్రి అన్నాల దగ్గర నేనే పుస్తకం తెచ్చి చూపించాను. ఎస్టోరిల్‌లో ఆ జానెడు ముందుంటే రాసీకీ 252 వచ్చేది. ఇద్దరికీ సమానమైతే ఎక్కువ పందేలు గెలిచినవాడిది కిరీటం. రాసీవి అయిదు గెలుపులు, హేడెన్‌వి రెండే. వాలెన్సియాలో పదమూడో స్థానం బదులు ఎనిమిదో స్థానం వచ్చినా అంతే. వాడు చాలాసేపు ఆ వరసలు చూశాడు. "జెరెజ్‌లో వాడు గుద్దకుండా ఉంటే ఈ లెక్కలే అక్కర్లేదు గదమ్మా" అన్నాడు. "గుద్దాక లేచి తెచ్చుకున్న రెండూ కూడా ఇందులో ఉన్నాయిరా" అన్నాను. మజ్జిగ పోయించుకుని, "ఇంటికి చేరినవాడికే మార్కులంటావు" అన్నాడు. నేననలేదు, వాడే అన్నాడు. ఆ మాట విని మావారు కంచంలోంచి తల ఎత్తారు.

ఎంసెట్ ర్యాంకు వచ్చింది. ఎంత అనేది చెప్పను, బండి కొనవలసినంత వచ్చింది. 46 నంబరు కోసం వాడు ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగాడు గానీ దొరకలేదు. దొరికిన నంబరు కూడితే తొమ్మిది వచ్చిందని అత్తగారు సంతోషించారు. బండి వద్దనడానికి నేను వెతికిన కారణాల్లో ఒక్కటీ ఆ పందేల్లో దొరకలేదు సుమండీ. అక్కడ అందరూ ఒకే వైపు పోతారు. ఎదురుగా ఎవడూ రాడు. గేదె అడ్డం రాదు, నీళ్ళ ట్యాంకరు వెనక్కి రాదు, రంగు వెయ్యని స్పీడు బ్రేకరు చీకట్లో పొంచి ఉండదు. పడితే కంకర, కంకర అవతల మెత్తలు, గేటు దగ్గర డాక్టరు. తల నుంచి మడమ దాకా కవచం. నా కారణాలన్నీ మా వీధి చివరే ఉన్నాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు లక్షా అరవై ఎనిమిది వేల పైచిలుకు. అందులో దాదాపు డెబ్బై అయిదు వేల మంది ద్విచక్రవాహనాల మీద వెళ్ళినవాళ్ళు. వీళ్ళెవరూ పందేనికి పోలేదు. కూరలకూ, కాలేజీకీ, డ్యూటీకీ పోయారు.

2017 మే నెలలో, అప్పటికి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మావాడు, మధ్యాహ్నం వేళ కాని వేళ ఫోను చేశాడు. "అమ్మా, మీవాడు పోయాడు" అన్నాడు. మీవాడంటే ఎవరో ఒక్క క్షణం తట్టలేదు. గుండె ఆగినంత పనయింది. హేడెన్. ఇటలీలో రిమిని దగ్గర, మే 17న, వ్యాయామం కోసం సైకిలు తొక్కుతూ వెళ్తుంటే నాలుగురోడ్ల కూడలిలో కారు గుద్దింది. చెసేనా ఆసుపత్రిలో అయిదు రోజులుండి 22న పోయాడు. ముప్ఫయ్యయిదేళ్ళు. మూడు వందల కిలోమీటర్ల వేగంతో పదిహేనేళ్ళ పాటు ఇంటికి క్షేమంగా చేరుకున్నవాడు.

ఆ రోజంతా నాకు రోజ్ హేడెనే గుర్తుకొచ్చింది. ముగ్గురు కొడుకుల ఇంజన్లు విన్న చెవి. సైకిలుకేమో చప్పుడే ఉండదు. మావాడు ఆ సాయంత్రం ఆఫీసు నుంచి ఇల్లు చేరాక మళ్ళీ ఫోను చేశాడు, చేరానని చెప్పడానికి. అప్పటిదాకా వాడికి ఆ అలవాటు లేదు.

రాసీ 2021 చివరి దాకా నడిపి విరమించాడు. 2022లో అతని 46ను మోటోజీపీలో ఇంకెవరికీ ఇవ్వకుండా తీసి పక్కన పెట్టారు. హేడెన్ 69కి ఆ మర్యాద అంతకు ముందే, 2019లో జరిగింది. ఆ వార్త మావాడే చదివి వినిపించాడు. మా అత్తగారికి అప్పటికి ఎనభై అయిదు దాటాయి, వినికిడి తగ్గింది, రెండుసార్లు చెప్పించుకున్నారు. "ఇక ఎవరికీ ఇవ్వరా?" అన్నారు.

"ఎవరికీ ఇవ్వరు, బామ్మా."

ఆవిడ కాసేపు ఆలోచించారు. "అది ఆ పిల్లవాడి తండ్రిది గదరా మొదట. అయితే మళ్ళీ ఆయనకే చేరిందన్నమాట" అని, జపమాల వేళ్ళలోకి తీసుకున్నారు.